బానెట్ ఎత్తితే జాగ్వార్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి శీర్షిక మొత్తం ఒకే కంపెనీకి ఇస్తున్నాం. విశాఖపట్నం నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి జాగ్వార్ మీద వచ్చిన ఉత్తరాలు బాగా పోగుపడ్డాయి. కొందరిది చరిత్ర మీద ఆసక్తి. కొందరి ఇంట్లో తాతల నాటి బండి ఉంది. మరికొందరు సెకండ్ హ్యాండ్‌లో ఎక్స్‌ఎఫ్ కొనే ఆలోచనలో ఉన్నారు. ముందే ఒక మాట చెప్పేస్తాం. జాగ్వార్ మోడళ్ల పేర్లు బోలెడున్నా ఇంజిన్ కుటుంబాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వెనక డిక్కీ మీది బ్యాడ్జి కాదు, బానెట్ కింద ఏ కుటుంబం ఇంజిన్ ఉందో తెలిస్తే ఆ బండి ఎక్కడ ఇబ్బంది పెడుతుందో సగం తెలిసినట్టే.

ప్రశ్న: జాగ్వార్ ఎక్స్‌కె ఇంజిన్ 1948లో వచ్చి 1990ల దాకా తయారైందని చదివాను. ఒకే ఇంజిన్‌ని అన్నేళ్లు ఎలా నడిపించారు? అంత గొప్పదనం దానిలో ఏముంది?
– ఎం.ఎస్., లాసన్స్ బే కాలనీ

జవాబు: ఎక్స్‌కెకి ముందు జాగ్వార్‌కి పూర్తిగా సొంతమైన ఇంజిన్ లేదు. 1922లో బ్లాక్‌పూల్‌లో విలియం లయన్స్, విలియం వామ్స్‌లీ కలిసి మోటార్‌సైకిళ్లకు సైడ్‌కార్లు చేసే స్వాలో కంపెనీ పెట్టారు. తర్వాత కార్ల బాడీలు కట్టడం మొదలుపెట్టి 1928లో కోవెంట్రీకి మారారు. 1935లో ‘ఎస్‌ఎస్ జాగ్వార్’ అన్న పేరు వచ్చినప్పుడు కూడా ఇంజిన్ కింది భాగం స్టాండర్డ్ కంపెనీదే. పైన ఓవర్‌హెడ్ వాల్వ్ హెడ్ మాత్రం హ్యారీ వెస్లేక్ డిజైన్.

రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడితే మంటలు చూసుకోవడానికి ఫ్యాక్టరీలో రాత్రి కాపలా డ్యూటీలు ఉండేవి. ఆ డ్యూటీల్లో విలియం హైన్స్, వాల్టర్ హసన్, క్లాడ్ బెయిలీ, వాళ్లతో పాటు లయన్స్ కూర్చుని యుద్ధం తర్వాత రావాల్సిన ఇంజిన్ గురించి చర్చించుకునేవారు. ఆ చర్చల్లోంచి పుట్టిందే ఎక్స్‌కె. 1948 లండన్ మోటార్ షోలో ఎక్స్‌కె120 కారులో లోకానికి చూపించారు. 3442 సీసీ, బోర్ (సిలిండర్ వ్యాసం) 83 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 106 మి.మీ., 160 హార్స్‌పవర్. ఇనుప బ్లాకు, అల్యూమినియం హెడ్, అర్ధగోళంలా ఉండే దహన గది, పైన వాల్వులను తెరిచే రెండు క్యామ్‌షాఫ్టులు. రెండు క్యాములంటే అప్పట్లో రేసు కార్లలోనో, చాలా ఖరీదైన కార్లలోనో చూడాల్సిందే. దాన్ని వరుసగా తయారయ్యే మామూలు కారులోకి తెచ్చారు. తమాషా ఏమిటంటే ఈ ఇంజిన్‌ని అనుకున్నది పెద్ద సెలూన్ కోసం. అది మార్క్ 7 పేరుతో 1950లో వచ్చింది. ఎక్స్‌కె120 అంతకుముందు జనం దృష్టి పడేలా చేసిన ఏర్పాటు. 1949 మేలో బెల్జియంలోని జబ్బెకె రోడ్డు మీద అది గంటకు 132.6 మైళ్లు, అంటే సుమారు 213 కిలోమీటర్లు అందుకుంది.

అన్నేళ్లు నిలబడటానికి అసలు కారణం కింది భాగం. ఆరు సిలిండర్లకు ఏడు మెయిన్ బేరింగులు, వాటిలో తిరిగే క్రాంక్ భాగాలు (జర్నల్స్) 2¾ అంగుళాల లావు. 160 హార్స్‌పవర్‌కి అవసరమైన దానికన్నా ఎంతో బలంగా కట్టారు కాబట్టి తర్వాత ఎంత పెంచినా తట్టుకుంది. లె మాన్ 24 గంటల రేసును 1951, 1953ల్లో సి-టైప్, 1955, 1956, 1957ల్లో డి-టైప్ ఇదే ఇంజిన్‌తో గెలిచాయి. 1953 గెలుపులో మాత్రం ఇంజిన్‌తో సమానమైన వాటా డిస్క్ బ్రేకులది. ఇదే ఇంజిన్ 1961లో జెనీవాలో ఇ-టైప్‌లో 3.8 లీటర్లుగా కనిపించింది, 1964లో 4.2 అయింది, 1968లో ఎక్స్‌జె6లోకి వెళ్లింది. బ్రిటిష్ సైన్యం స్కార్పియన్ తేలికపాటి ట్యాంకులోనూ ఇదే. చివరికి డైమ్లర్ డిఎస్420 లిమోజిన్‌తో 1992లో తయారీ ఆగింది.

అయితే చివరి ఇరవై ఏళ్లూ గొప్పదనం వల్లే నడిచిందని మేం అనం. కొత్తది చేయడానికి డబ్బు లేకపోవడం కూడా ఒక కారణం. 4.2 కోసం బోర్‌ని 92 మి.మీ.కి పెంచినప్పుడు పాత బ్లాకు పొడవులోనే సిలిండర్లను సర్దాల్సి వచ్చింది, మధ్య గోడలు పల్చబడ్డాయి. ఈ 4.2 బ్లాకుల్లో సిలిండర్ల మధ్య పగుళ్లు మామూలు. కాబట్టి హెడ్ దించినప్పుడు బ్లాకు పైభాగాన్ని శుభ్రంగా తుడిచి, పగుళ్లు పట్టే డై కొట్టి చూడకుండా కొత్త గ్యాస్కెట్ వేయకండి. 2.8 లీటర్ల ఎక్స్‌జె6కి పిస్టన్లు చిల్లుపడే చెడ్డపేరు ఉంది. ఈ కుటుంబంలో మా ఓటు 3.4కీ 3.8కీ.

ప్రశ్న: మా దగ్గర 1960ల నాటి మార్క్ 2, 3.4 లీటర్లది ఉంది. ఇంజిన్ పైభాగం నుంచి టకటక శబ్దం వస్తోంది. ట్యాపెట్లు సర్దాలంటే స్క్రూ ఎక్కడా కనిపించడం లేదని మెకానిక్ అంటున్నాడు. ఏం చేయాలి?
– పి.వి.ఆర్., సీతమ్మధార

జవాబు: కనిపించదు, ఎందుకంటే లేదు. ఈ ఇంజిన్‌లో క్యామ్ నేరుగా, వాల్వ్‌ని నెట్టే బకెట్ ఆకారపు ట్యాపెట్ మీద నొక్కుతుంది. బకెట్ కింద, వాల్వ్ కాడ మీద చిన్న ఉక్కు బిళ్ల ఉంటుంది. సర్దుబాటు అంటే ఆ బిళ్ల మార్చడమే. మెకానిక్‌కి ఓపికా, ఒక మైక్రోమీటరూ ఉంటే ఆటోనగర్‌లో చేయించుకోదగ్గ పనే.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక, అంటే రాత్రంతా ఆపి ఉంచాక, కొలతలు తీసుకోండి. ప్లగ్గులన్నీ తీసేస్తే క్రాంక్ చేత్తో తిప్పడం తేలిక. క్యామ్ కవర్లు తీసి, ఒక్కో క్యామ్ ముక్కు బకెట్‌కి దూరంగా తిరిగి ఉన్నప్పుడు మధ్య సందుని ఫీలర్ గేజ్‌తో కొలవాలి. ఇన్‌లెట్‌కి 4 థౌ, ఎగ్జాస్ట్‌కి 6 థౌ ఉండాలి (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు). అంటే మిల్లీమీటర్లలో 0.10, 0.15. పన్నెండు కొలతలూ కాగితం మీద రాసుకోండి. తేడా ఉన్నవాటి జోలికే వెళ్లండి.

క్యామ్ తీసే ముందు, ముందు వైపున్న 6వ సిలిండర్ పిస్టన్‌ని కంప్రెషన్ స్ట్రోక్‌లో పై కొనకు తెచ్చి అక్కడే ఆపాలి. పై చైన్ బిగువు సడలించి, స్ప్రాకెట్‌ని (చైన్ తిప్పే పళ్ల చక్రాన్ని) క్యామ్‌కి పట్టే రెండు బోల్టులూ తీస్తే స్ప్రాకెట్ దాని బ్రాకెట్ మీదకు జారి కూర్చుంటుంది. బేరింగ్ క్యాపుల నట్లు ఒకేసారి విప్పేయకుండా వంతులవారీగా కొంచెం కొంచెం వదలాలి. క్యాపుల మీద నంబర్లుంటాయి, ఏది ఎక్కడిదో అక్కడికే వెళ్లాలి. బకెట్‌ని అయస్కాంతంతో పైకి లాగితే కింద బిళ్ల దొరుకుతుంది.

బిళ్ల మీద ఇంగ్లిష్ అక్షరం చెక్కి ఉంటుంది. ‘ఎ’ అంటే 85 థౌ మందం, అక్కడి నుంచి అక్షరానికి ఒక్కో థౌ పెరుగుతుంది. ఉదాహరణకు ఇన్‌లెట్‌లో సందు 7 థౌ వచ్చింది, ఉండాల్సింది 4. ఎక్కువైంది 3. ఉన్న బిళ్ల ‘డి’ అయితే మూడు అక్షరాలు ముందుకు జరిగి ‘జి’ వేయాలి, అంటే 88 బదులు 91 థౌ. అక్షరం అరిగి చెరిగిపోతే, చెరగకపోయినా సరే, మైక్రోమీటర్‌తో కొలిచిందే లెక్క. అరవై ఏళ్లలో ఎవరు ఏ బిళ్లను సానబట్టారో చెప్పలేం. క్యాపుల నట్లకు బిగువు 15 పౌండ్-అడుగులు. హెడ్ అల్యూమినియం కాబట్టి రింగు స్పానర్‌తో అంచనాగా లాగితే స్టడ్ మరలు ఊడొస్తాయి.

ఇక్కడ బండిని పాడుచేసే పొరపాటు ఒకటుంది. స్ప్రాకెట్లు విప్పి ఉండగా క్రాంక్‌ని గానీ, ఒక క్యామ్‌ని విడిగా గానీ తిప్పకూడదు. ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ వాల్వులు ఎదురెదురుగా వాలి ఉంటాయి. ఒకదానికొకటి తగిలి వంగిపోతాయి. తిరిగి బిగించేటప్పుడు క్యామ్ ముందు భాగంలోని గాడి, హెడ్ పై అంచుకు సరిగ్గా లంబంగా ఉండాలి. దానికి చిన్న రేకు గేజ్ ఉంటుంది. లేకపోతే లేత్ షాపులో చేయించుకోండి.

శబ్దం ట్యాపెట్‌దే అని ముందుగా ఖాయం చేసుకోండి. సన్నగా, లయగా టిక్‌టిక్‌మంటే ట్యాపెట్. ముందు భాగంలో గొలుసు దులిపినట్టు గరగరమంటే చైన్. సుత్తితో కొట్టినట్టు గట్టిగా, అప్పుడప్పుడూ మాయమవుతూ వస్తే వెంటనే ఇంజిన్ ఆపేయండి. బకెట్ తిరిగే ఇనుప గైడ్ హెడ్‌లోంచి వదులై పైకి లేచి క్యామ్‌కి తగులుతోందని అర్థం. ఎప్పుడో ఒకసారి బాగా హీటెక్కిన హెడ్‌లలో ఇది జరుగుతుంది, ఎక్కువగా ఎగ్జాస్ట్ వైపు. గైడ్ అంచు మీద చిన్న పలక వేసి స్క్రూతో పట్టే కిట్లు దొరుకుతాయి.

ఇంకొకటి: శబ్దం వచ్చే ట్యాపెట్ కన్నా రానిదే ప్రమాదం. సందు మరీ తగ్గితే వాల్వ్ పూర్తిగా మూసుకోదు, సీటు మీద వేడి దించుకోలేక అంచు కాలిపోతుంది. ఇంజిన్ నిశ్శబ్దంగా ఉంది కదా అని ఎగ్జాస్ట్ కొలతలు వదిలేయకండి.

ప్రశ్న: మా మార్క్ 2కి ప్లగ్ వైర్లు మార్చాక ఇంజిన్ స్టార్ట్ కావడం లేదు, వెనక్కి తంతోంది. వైర్లు వరుస ప్రకారమే పెట్టాం.
– జి.ఎస్., మద్దిలపాలెం

జవాబు: ఎక్స్‌కె ఇంజిన్‌లో 1వ సిలిండర్ రేడియేటర్ వైపు ఉండదు, డ్రైవర్ వైపు, వెనక ఉంటుంది. ముందున్నది 6. ఫైరింగ్ వరుస 1-5-3-6-2-4. మీవాళ్లు ముందు నుంచి లెక్కపెట్టి ఉంటారు. తర్వాత 1983లో వచ్చిన ఏజె6 ఇంజిన్‌లో మళ్లీ ముందున్నదే 1. మార్క్ 2 వైరింగ్ పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ కొన బాడీకి తగిలేది అన్నది కూడా మరవొద్దు. బ్యాటరీ మామూలుగా తగిలిస్తే డైనమో, రేడియో దెబ్బతింటాయి. 3.8 ఇ-టైప్ కూడా పాజిటివ్ ఎర్తే, 4.2 నుంచి నెగెటివ్.

ప్రశ్న: వి12 ఇంజిన్ ఎక్స్‌జె12 ఒకటి అమ్మకానికి వచ్చింది. అరకు ఘాట్‌లో అనంతగిరి ఎక్కేసరికి ఉష్ణోగ్రత ముల్లు ఎర్ర గీత దగ్గరికి వెళ్తోందట. థర్మోస్టాట్లు పీకేస్తే సరిపోతుందని అమ్మేవాళ్ల మెకానిక్ భరోసా ఇస్తున్నాడు. నమ్మొచ్చా?
– డి.కె., గాజువాక

జవాబు: నమ్మొద్దు. మన వేడికి థర్మోస్టాట్ ఎందుకని పీకేయడం మన షెడ్లలో పాత అలవాటు. చాలా ఇంజిన్లలో దానివల్ల పెద్ద నష్టం జరగదు. వి12లో జరుగుతుంది. ఇక్కడ ఒక్కో బ్యాంకుకి (ఆరు సిలిండర్ల వరుసకి) ఒకటి చొప్పున రెండు థర్మోస్టాట్లుంటాయి. తెరుచుకున్నప్పుడు వాటి అడుగున ఉన్న పలక బైపాస్ దారిని మూస్తుంది. థర్మోస్టాట్ లేకపోతే ఆ దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. వేడి నీళ్లలో కొంత భాగం రేడియేటర్‌కి వెళ్లకుండా మళ్లీ ఇంజిన్‌లోకే తిరుగుతుంది. అంటే పీకేస్తే ఇంకా హీటెక్కుతుంది. 3.8 ఎక్స్‌కెలో కూడా బైపాస్‌ని మూసే తొడుగున్న థర్మోస్టాటే వేయాలి, ఏదో ఒకటి పట్టిందని పెట్టేయకూడదు.

ఇంజిన్ సంగతి చెప్పాలి. 5343 సీసీ, బోర్ 90, స్ట్రోక్ 70 మి.మీ. 1971లో ఇ-టైప్ మూడో సిరీస్‌తో వచ్చింది, 1972లో ఎక్స్‌జె12లో, 1975లో ఎక్స్‌జె-ఎస్‌లో. 1981లో మైకేల్ మే డిజైన్ చేసిన హెడ్‌లతో ‘హెచ్‌ఇ’ అయింది, పెట్రోల్ ఖర్చు తగ్గింది. 1990ల్లో 6 లీటర్లకు పెరిగి 1997లో ఆగిపోయింది. 1988లో లె మాన్ గెలిచిన ఎక్స్‌జెఆర్-9కి కూడా 7 లీటర్లకు పెంచిన ఈ వి12నే వాడారు. కింది భాగం దాదాపు చావులేనిది. చంపేది వేడే. బ్లాకు, హెడ్‌లు రెండూ అల్యూమినియం. వాల్వ్ సీట్లు అందులోకి బిగువుగా దింపిన రింగులు. హెడ్ అతిగా వేడెక్కితే అల్యూమినియం ఎక్కువ వ్యాకోచించి సీటు జారి పడుతుంది. ఆ తర్వాత పిస్టన్, వాల్వ్, హెడ్ మూడూ పోతాయి. పైగా హెడ్ దించడమే ఒక యుద్ధం. స్టడ్లు తుప్పుతో హెడ్‌కి అతుక్కుపోయి రోజుల తరబడి లాగినా కదలవు.

ఈ బండి చూడ్డానికి వెళ్తే ఇవి చూడండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లి రేడియేటర్ మూత తీయండి. నీళ్లు గోధుమరంగులో ఉంటే బోరు నీళ్లు పోశారన్నమాట. అడుగు వరుసల్లో పొలుసు, మడ్డి పేరుకుని ఉంటాయి. బాగా వేడెక్కాక రేడియేటర్ పైనుంచి కిందికి చెయ్యి దగ్గరగా పెట్టి చూస్తే అడుగు భాగం చల్లగా తెలుస్తుంది, అది మూసుకుపోయినట్టే. రాడ్ వేసి శుభ్రం చేయించడం కన్నా కొత్త కోర్ వేయించడమే మేలు. ముందున్న ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య దుమ్ము, ఆకులు చేరతాయి. పోర్టు వైపు తిరిగే బండ్లలో నల్లటి ధూళి నూనెతో కలిసి గట్టిపడుతుంది. రేడియేటర్ దించకుండా ఆ సందు శుభ్రం కాదు.

ఇంజిన్ వేడిగా ఉండగా ఆపి, ఫ్యాన్‌ని చేత్తో తిప్పండి. గట్టిగా అడ్డుపడాలి. గిర్రున తిరిగితే ఫ్యాన్‌ని ఇంజిన్‌కి కలిపే విస్కస్ కప్లింగ్ పోయింది. చాలామంది చూడనిది డిస్ట్రిబ్యూటర్. రెండు బ్యాంకుల మధ్య లోయలో, ఆ వేడిలో కూర్చుంటుంది. లోపలి అడ్వాన్స్ బరువులు ఎండి బిగుసుకుపోతాయి. టైమింగ్ ముందుకు జరగకపోతే మంట ఆలస్యంగా అంటుకుని ఎగ్జాస్ట్ మండిపోతుంది, ఇంజిన్ హీటెక్కుతుంది. నీళ్లలో ఎంత వెతికినా తప్పు దొరకదు. టైమింగ్ లైట్ పెట్టి రేసు ఇస్తే గుర్తు జరగాలి. జరగకపోతే అది విప్పి శుభ్రం చేసి, రోటర్ కింది ఫెల్ట్‌లో రెండు మూడు చుక్కల ఆయిల్ వేయాలి.

కూలంట్ సుమారు 20 లీటర్లు పడుతుంది. హీటర్ వేడి వైపు పెట్టి, రెండు ఫిల్లర్ మూతలూ తీసి మెల్లగా పోయాలి. లోపల గాలి నిలిస్తే కొత్త రేడియేటర్ ఉన్నా వేడెక్కుతుంది. మన దగ్గర గడ్డకట్టే చలి లేదు కాబట్టి గ్లైకాల్ (యాంటీఫ్రీజ్) మూడో వంతు చాలు, అది తుప్పును ఆపడానికి. మిగతాది డిస్టిల్డ్ వాటరే. రెండేళ్లకోసారి మొత్తం మార్చేయండి. ఇంజెక్షన్ ఉన్న వి12లకు పెట్రోల్ హోసులన్నీ మార్పించాకే రోడ్డెక్కించండి. ఇంజిన్ పైన ఎండిన రబ్బరు పగిలి మంటలంటుకున్న బండ్లు చాలా ఉన్నాయి. ఇదంతా చేయించే ఉద్దేశం లేకపోతే ఈ బండి వద్దు, ఎంత చవగ్గా ఇచ్చినా.

ప్రశ్న: 2013-14 ప్రాంతపు ఎక్స్‌ఎఫ్ డీజిల్, 2017 ఎక్స్‌ఎఫ్ డీజిల్ రెండూ చూశాను. ఎంవీపీ కాలనీ నుంచి సిరిపురం ఆఫీసుకు రోజూ తిరుగుతాను. ఏది కొనమంటారు? ఇవి ఫోర్డ్ ఇంజిన్లా, టాటావా?
– ఎ.ఆర్., ఎంవీపీ కాలనీ

జవాబు: మొదట ఇంజిన్ల సంగతి. జాగ్వార్ 1990 నాటికి ఫోర్డ్ చేతికి వెళ్లింది, 2008లో టాటా మోటార్స్ ల్యాండ్ రోవర్‌తో కలిపి కొన్నది. 2013-14 ఎక్స్‌ఎఫ్‌లో ఉండే 3.0 వి6 డీజిల్, 2.2 నాలుగు సిలిండర్ల డీజిల్ రెండూ ఫోర్డ్, ఫ్రాన్స్ కార్ల కంపెనీ పిఎస్ఎ కలిసి చేసిన కుటుంబాలవి. 2.0 ఇంజీనియం మాత్రం జాగ్వార్ ల్యాండ్ రోవర్ సొంత ఇంజిన్. ఇంగ్లండ్‌లో వుల్వర్‌హాంప్టన్ ప్లాంటులో తయారైంది. మీరు చూసిన 2017 బండిలో అదే ఉంటుంది.

పాత వాటిలో టైమింగ్ బెల్టు ముఖ్యం. 3.0 వి6కి ముందు ఒక బెల్టు, వెనక డీజిల్ పంపుకి ఇంకో బెల్టు ఉంటాయి. వెనకదాన్ని చాలా షెడ్లలో మర్చిపోతారు. బండి వయసు పదేళ్లు దాటింది కాబట్టి కిలోమీటర్లు ఎంత తక్కువ చూపించినా రెండూ మార్చిన బిల్లు అడగండి. లేదంటే ఆ ఖర్చు ధరలోంచి తగ్గించుకోండి. ఇదే ఇంజిన్‌లో క్రాంక్ బేరింగులు పోయిన సందర్భాలు ల్యాండ్ రోవర్లలో పేరుమోశాయి. కొనేముందు ఆయిల్ ఫిల్టర్ తీయించి, మడతలు కోసి విప్పి చూడండి. రాగి రంగు తళుకులు కనిపిస్తే బండి వదిలేయండి. వి మధ్యలో ఉండే ప్లాస్టిక్ కూలంట్ గొట్టాలు అతుకు దగ్గర పగులుతాయి. అక్కడ ఎండిన తెల్ల మరక ఉంటే కారుతున్నట్టు లెక్క.

ఇంకో సంగతి మన ఊరికే ప్రత్యేకం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఈ వయసు బండి నగరంలోనే ఉండి ఉండొచ్చు. సీట్ల కింద పట్టాల బోల్టులు, డిక్కీలో స్టెప్నీ గుంత, కార్పెట్ కింద వైరింగ్ జాయింట్లు చూడండి. బయట పెయింటు మెరుస్తున్నా అక్కడ తుప్పు, పచ్చటి చిలుము ఉంటే వద్దు.

ఇంజీనియం విషయంలో మీ రోజువారీ ప్రయాణమే సమస్య. ఎంవీపీ నుంచి సిరిపురం వెళ్లేలోపు ఇంజిన్ సరిగా వేడెక్కదు. ఎగ్జాస్ట్‌లోని డీజిల్ మసి ఫిల్టర్ తనను తాను కాల్చి శుభ్రం చేసుకోవడానికి అదనంగా డీజిల్ పోస్తుంది. ఆ పని పూర్తికాకముందే మీరు ఇంజిన్ ఆపేస్తారు. కాలని డీజిల్ సిలిండర్ గోడల మీదుగా జారి ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ లెవెల్ తగ్గాల్సింది పోయి పెరుగుతుంది, పల్చబడుతుంది. ఆ పల్చటి ఆయిల్‌తో టైమింగ్ చైన్, టర్బో అరుగుతాయి. చైన్ గేర్‌బాక్స్ వైపు ఉంటుంది కాబట్టి మార్చాలంటే పెద్ద పని. ఈ బండే కొంటే వారానికోసారి ఆనందపురం మీదుగా తగరపువలస దాకా హైవే మీద ఇరవై ముప్పై నిమిషాలు ఆగకుండా నడపండి. ఆయిల్ కంపెనీ చెప్పిన గ్రేడు 0డబ్ల్యూ-30దే వేయండి, కానీ కంపెనీ గడువు దాకా ఆగకుండా 8 నుంచి 10 వేల కిలోమీటర్లకే మార్చండి.

మీ వాడకానికి మా సలహా డీజిలే వద్దని. పెట్రోల్ ఎక్స్‌ఎఫ్ దొరికితే చూడండి. ఎక్స్‌ఈ, ఎక్స్‌ఎఫ్, ఎఫ్-టైప్‌ల తయారీ 2024లో ఆగిపోయింది కాబట్టి కొనేముందు దగ్గర్లో విడిభాగాలు తెప్పించేవాళ్లు ఎవరో కనుక్కోండి.

ప్రశ్న: పాత ఎక్స్‌జె8 ఒకటి చూశాను. ‘నికాసిల్’ ఇంజిన్ అయితే కొనొద్దంటున్నారు. అంటే ఏమిటి?
– ఎస్.ఎన్., అనకాపల్లి

జవాబు: 1996లో ఎక్స్‌కె8తో మొదలైన ఏజె-వి8 ఇంజిన్‌లో సిలిండర్ గోడలకు నికెల్, సిలికాన్ కార్బైడ్ కలిసిన పూత వేశారు. పెట్రోల్‌లో గంధకం ఎక్కువైతే ఆ పూత తినేయబడి కంప్రెషన్ పడిపోతుంది. ఆగస్టు 2000 నుంచి ఇనుప లైనర్లు వేశారు. ఇంజిన్ నంబరే తయారీ తేదీ: మొదట సంవత్సరం, తర్వాత నెల, రోజు. అంతకుముందుదైతే ఎనిమిది సిలిండర్ల కంప్రెషన్ కొలిచాకే బేరం. పూత ఇప్పటిదాకా నిలిచిందంటే ఇకపై అంత భయం లేదు, ఇప్పటి మన పెట్రోల్‌లో గంధకం చాలా తక్కువ. భయపడాల్సింది ప్లాస్టిక్ చైన్ టెన్షనర్లకి. అవి విరిగితే వాల్వులు పోతాయి. క్యామ్ కవర్ తీసి చూస్తే తెలుస్తుంది. లోహపు బాడీ ఉన్న కొత్తరకం వేయించండి.

ప్రశ్న: ఎస్‌యూ కార్బ్యురేటర్లున్న 4.2 ఎక్స్‌జె6కి ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ పోయొచ్చా? బీచ్ రోడ్డుకు దగ్గర్లో షెడ్డులో ఉంటుంది, నెలకోసారి తీస్తాం.
– వి.ఎల్., పెదవాల్తేరు

జవాబు: పోయక తప్పదు, బంకుల్లో ఉన్నది అదే. కానీ ముందు రబ్బరు పని చూడాలి. ట్యాంకు నుంచి కార్బ్యురేటర్ దాకా పాత హోసులన్నీ తీసేసి ‘ఎస్‌ఏఈ జె30 ఆర్9’ అని ముద్ర ఉన్నవి వేయండి. ఫ్లోట్ నీడిల్ కొన విటాన్ (ఇంధనాన్ని తట్టుకునే రబ్బరు)ది ఉండాలి. ఇథనాల్ వల్ల మిక్స్చర్ పల్చబడుతుంది. వాల్వులు వేడెక్కుతాయి, పికప్ తగ్గుతుంది. ఇంజిన్ వేడెక్కాక కార్బ్యురేటర్ పక్కనున్న పిన్నుతో దాని లోపలి పిస్టన్‌ని అర మిల్లీమీటరు, ముప్పావు మిల్లీమీటరు మాత్రమే ఎత్తండి. ఇంజిన్ వేగం కొంచెం పెరిగి మళ్లీ మామూలైతే సరిగ్గా ఉంది. పడిపోయి ఆగబోతే పల్చన, జెట్ కిందికి దించాలి. పెరిగి అలాగే ఉంటే చిక్కన.

నెలకోసారి తీయడం అనేదే చెడ్డ అలవాటు. ఇథనాల్ సముద్రపు గాలిలోని తేమను లాగుతుంది, ట్యాంకు అడుగున నీరు చేరి తుప్పు పడుతుంది. ట్యాంకు నిండా ఉంచితే లోపల గాలి తక్కువ ఉంటుంది. పదిహేను రోజులకోసారి తీసి, ఆయిల్ వేడెక్కేదాకా కనీసం ఇరవై నిమిషాలు నడపండి. షెడ్డులోనే రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపడం వల్ల ఎగ్జాస్ట్‌లో, సంప్‌లో నీళ్లు చేరడం తప్ప లాభం లేదు. వేడెక్కాక 3000 ఆర్‌పీఎం దగ్గర ఆయిల్ ప్రెషర్ 40 పిఎస్ఐ చూపించాలి. 20డబ్ల్యూ-50 ఆయిల్, సుమారు 8 లీటర్లు. బాడీ విషయంలో ఉప్పు గాలికి మొదట పోయేది సిల్స్ (తలుపుల కింది పట్టీలు), వెనక చక్రాల తోరణాలు. కారు అడుగున డ్రైన్ రంధ్రాలు మూసుకుపోలేదని ఏడాదికి ఒకసారైనా చూసుకోండి.

ప్రశ్న: ఎక్స్‌జె220కి వి12 అని ప్రకటించి వి6 పెట్టారట, నిజమేనా?
– బి.ఎస్., భీమిలి

జవాబు: నిజమే. 1988లో బర్మింగ్‌హామ్ షోలో చూపించినప్పుడు వి12, నాలుగు చక్రాలకూ డ్రైవ్. 1992లో అమ్మకానికి వచ్చింది 3.5 లీటర్ల వి6, రెండు టర్బోలు, వెనక చక్రాలకే డ్రైవ్, 542 హార్స్‌పవర్. ఆ వి6 మూలాలు మెట్రో 6ఆర్4 ర్యాలీ కారులో ఉన్నాయి. ముందుగా డబ్బు కట్టినవాళ్లలో కొందరు గొడవ చేశారు. కానీ కారు మాత్రం గంటకు 340 కిలోమీటర్లు దాటింది.

ప్రశ్న: మా తాతగారి మార్క్ 2లో ఎప్పుడో అసలు ఇంజిన్ తీసేసి డీజిల్ ఇంజిన్ పెట్టారు. అసలు ఇంజిన్ అనుకుంటున్నది షెడ్డులో మూలన పడి ఉంది. ‘వీఏ’ వింటేజ్ నంబరుకి వెళ్లాలనుకుంటున్నాం. ఏం చేయాలి?
– ఆర్.కె., విజయనగరం

జవాబు: వీఏ రిజిస్ట్రేషన్ నిబంధనలు 2021 జూలైలో వచ్చాయి. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది; రెన్యూవల్ 5,000. వింటేజ్ ర్యాలీలు, ప్రదర్శనలు, మరమ్మతు, పెట్రోల్ పోయించుకోవడం వంటి వాటికే రోడ్డెక్కించాలి. పెళ్లిళ్లకు అద్దెకివ్వడం కుదరదు. డీజిల్ ఇంజిన్‌తో వెళ్తే దరఖాస్తు నిలబడదు.

కాబట్టి ముందు మూలన ఉన్న ఇంజిన్ సొంతదో కాదో తేల్చుకోండి. నంబరు రెండు చోట్ల చెక్కి ఉంటుంది: బ్లాకు కుడి వైపు ఆయిల్ ఫిల్టర్ పైన, హెడ్ ముందు భాగంలో. రెండూ ఒకటే కావాలి. వేరైతే హెడ్ ఎప్పుడో మారింది. 3.4 మార్క్ 2 నంబరు ‘కె’తో మొదలవుతుంది, 3.8 అయితే ‘ఎల్’తో. చివర గీత తర్వాత 7, 8, 9 ఏదో ఒకటి ఉంటుంది. అది కంప్రెషన్ నిష్పత్తి. ‘7ఎల్’ కనిపిస్తే అది ఎక్స్‌జె6 ఇంజిన్, ‘7ఇ’ అయితే 4.2 ఇ-టైప్‌ది, ఎవరో తర్వాత తెచ్చిపెట్టారన్నమాట. గ్రీజు మీద వైర్ బ్రష్ వాడొద్దు. డీజిల్‌లో ముంచిన గుడ్డతో తుడిచి, సుద్దపొడి రుద్దితే అక్షరాలు తేలతాయి. ఆ తర్వాత ఛాసిస్ నంబరుతో ఇంగ్లండ్‌లోని జాగ్వార్ డైమ్లర్ హెరిటేజ్ ట్రస్ట్‌కి రాస్తే ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చినప్పటి ఇంజిన్ నంబరు, రంగు, తేదీలతో సర్టిఫికెట్ ఇస్తారు. అది చేతికి వచ్చాకే ఇంజిన్ బోరింగ్ పనికి డబ్బు పెట్టండి.